నోరు పెట్టని బొమ్మ

కుమ్మర తిప్పమ్మ పొద్దున లేస్తూనే ముందు బొమ్మలకు నీళ్ళు పోసేది. పొయ్యి ముట్టించేది తర్వాత, మొగం కడుక్కునేది ఇంకా తర్వాత. గుమ్మఘట్టకు అవతల, హగరి ఏటి గట్టునుండే ఆ ఊర్లో ఇదేం వింత కాదు. ఎనుములుండే ఇంట్లో ఎనుములకు కుడితి పెడతారు, బొమ్మలుండే ఇంట్లో బొమ్మలకు నీళ్ళు పోస్తారు. నోరుండేదానికి దప్పిక ఉండదా ఏమి!

కొట్టం కింద వరసగా ఉండేవి అవన్నీ. కాల్లో ముల్లు తీసుకుంటాండే గొర్రెల కాపరి. ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటాండే అక్కచెల్లెళ్ళు. కూలబడి లేవలేని ముసలెద్దు. మన్ను మోసీ మోసీ నిలబడే నిద్రపోతాండే గాడిద. నడుమ్మీద చేయి పెట్టుకోని ఎవరినో తిడతాండే ఆడమనిషి. తిప్పమ్మ చిప్పతో ఒక్కొక్కదాని నోట్లో ఇన్ని నీళ్ళు పోస్తే గుటగుటా తాగేవి. ఎద్దు నిదానంగా తాగేది. తిట్టే ఆడమనిషికి మాత్రం ఎంత పోసినా చాలేది కాదు. దాన్ని ఎదురింటి భద్రమ్మను చూసి చేసింది. భద్రమ్మకు దాని మీద కోపమేం లేదు. బావి నుంచి వస్తా వస్తా తన కడవలోనివి ఇన్ని దాని నోట్లో వంచిపోయేది.

"అరిసీ అరిసీ గొంతెండిపోయుంటాది పాపం. ఆ బాధ నాకు తెలీదా!" అనేది.

ఈ బొమ్మల పని తిప్పమ్మకు ఎవరూ నేర్పలేదు. కుమ్మరోళ్ళ ఇండ్లలో ఆడది సారె ముట్టుకోకూడదు. మన్ను తొక్కొచ్చు, బూడిద కలపొచ్చు, కాలిన కుండలు తలకెత్తుకోని ఊరూరా తిరిగి అమ్మొచ్చు. చక్రం మీద మాత్రం చేయి పెట్టకూడదు, పెడితే కుండ నిలవదంటారు. తిప్పమ్మ పెండ్లయి వచ్చిన కొత్తలో, మొగుడు అంజినప్ప సారె దిగినంక మిగిలిన ముద్దను పారేయకుండా ఆమె ముందర పెట్టేవాడు. "సారె వద్దన్నారు గానీ మన్ను వద్దనలేదు కదా, ఏమన్నా చేసుకో" అన్నాడు. ఆయప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మాట ఒకటి చాల్లే.

బోలుగా చేసి మూసేసిన బొమ్మకు యాడో ఒకచోట బొక్క పెట్టకపోతే, కాల్చేటప్పుడు ఆవంలో పగిలిపోతాది. లోపలి ఆవిరి బయటపడేకి దోవ ఉండాల. కుమ్మరోళ్ళ ఇంట్లో పసిబిడ్డకు గూడా తెలిసిన సంగతి ఇది. అందరూ ఆ బొక్క అడుగున, కనపడకుండా పెడతారు. తిప్పమ్మ నోట్లో పెట్టింది. పనంతా అయినంక చివరన తుమ్మముల్లుతో పెదాల మధ్య చిన్నగా తెరిచేది. 'నోరు పెట్టడం' అనేది దాన్ని. మొదటి బొమ్మ, దంచుతాండే ఆడమనిషి, ఆవంలోంచి బయటికొచ్చినప్పుడు బీటలేమన్నా ఉండాయేమోనని నోట్లో నీళ్ళు పోసి చూసింది. పోసిన నీళ్ళు పోయినట్లే పోయినాయి. కింద చుక్క కారలేదు, లోపల చప్పుడు లేదు.

"అత్తా, నీళ్ళు యాడికి పోయినాయో సూడు" అని అత్త నల్లమ్మను పిలిచింది.

నల్లమ్మ వచ్చి చూసి, "పొద్దన్నుంచి దంచుతాంటే దప్పిక కాదా? ఇంకో చెంబు పోయ్" అని తన పనికి తాను పోయింది.

ఆ పొద్దు నుంచి ఆ ఇంట్లో అదొక వాడుకైపోయింది. భైరవానితిప్ప కాడ ఏటికి కట్ట కడతాండిన కాలమది. ఊర్లో మగోళ్ళంతా ఆ పనికి పోతాంటే అంజినప్ప మాత్రం సారె వదల్లేదు. తిప్పమ్మ ఒక్కో బొమ్మకు నెలలు పట్టించేది. చేసే ముందర మనిషిని చూసేది. మామూలు చూపు కాదు నాయనా అది! సంతలో, బావి కాడ, ఎవరి వాకిట్లోనో కూర్చోని, రెప్ప కొట్టకుండా చూస్తా ఉంటే ఎదుటి మనిషి ఒళ్ళు చచ్చిపోయేది. గొర్రెల కాపరి నాగన్న అయితే, "నన్నిట్ల సూసేబదులు రెండు పీకు తల్లా" అని మొత్తుకున్నాడు.

ఎవరు అడిగినా వాళ్ళకు కావాల్సింది చేసేది కాదు, తనకు తోచిందే చేసేది. ఒకసారి దసరాకు ముందు రాయదుర్గం నుంచి బట్టలంగడి గోపాలయ్య భార్య పద్మావతమ్మ ఎద్దుల బండిలో వచ్చింది. బొమ్మల కొలువులో పెట్టుకునేకి పిల్లనగ్రోవి కృష్ణున్ని చేసియ్యమని అడిగింది.

"ఆయప్పను నేను చూసిన్యా? సూడంది చేయనమ్మా" అనేసింది తిప్పమ్మ మొగం మీదనే.

ఇంకో సావుకారమ్మ అయితే బండి తిప్పుకోని పోయేదే. పద్మావతమ్మ పకపకా నవ్వి, అరుగు మీద కూర్చోని, ఎద్దు నీళ్ళు తాగుతాంటే పొద్దు వాలేదాకా చూసింది. అప్పట్నుంచి ఏటా వచ్చి పోయేది.

నీళ్ళు తెచ్చేది అంజినప్ప. కావడి భుజానేసుకోని, రెండు పక్కలా కుండలు కట్టుకోని పొద్దు పొడవకముందే పోయి తెచ్చేవాడు. ఏండ్ల తరబడి మోసి మోసి కుడి భుజం మీద ఎద్దు మెడకున్నట్లు కాయ కాసింది. ఒకనాడు కావడి దించుతా, చెమట తుడుచుకుంటా అన్నాడు.

"ఊరంతటినీ చేస్తివి. గాడిదను గూడా చేస్తివి. నన్నొకటి చేయరాదంటే?"

తిప్పమ్మ అక్కచెల్లెళ్ళ జడలు దిద్దుతాంది. తలెత్తకుండానే అంది. "నువ్వు యాడికి పోతావులేప్పా. రోజూ కండ్ల ముందరే ఉంటివి. ఎప్పుడైనా చేయొచ్చు."

"సరేలే" అన్నాడు అంజినప్ప. ఆయన దేనికైనా అనేది అదే మాట.

అరవైల నడుమ కరువొచ్చింది. కరువు ఆ సీమకు చుట్టమే, కానీ ఆ యేడు వచ్చింది తిష్ట వేసుకోని కూర్చునింది. ఊరి బావిలో బురద తేలింది, తర్వాత ఆ బురద గూడా ఎండి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. హగరి ఏట్లో ఇసుక తవ్వి చెలమలు తీసుకోని తాగినారు. దగ్గరి చెలమలు ఇంకిపోయే కొద్దీ జనం ఏటి ఎగువకు, ఇంకా ఎగువకు పోయినారు. అంజినప్ప కావడి వేసుకోని పోతే ఎండ నెత్తికెక్కినంక గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఆ రెండు కుండల్లో నల్లమ్మ తాగాల, వాళ్ళిద్దరూ తాగాల, బొమ్మలు తాగాల. బొమ్మలకు ఒక్క పూట తప్పితే పెదాల కాడ సన్నగా బీట వచ్చేది. రెండో పూట తప్పితే పొడి రాలేది. దంచే ఆడమనిషి చేయి ఒకటి అట్లనే రాలిపోయింది. తిప్పమ్మ ఆ పొడిని కొంగులో ఎత్తుకోని ఏడ్చింది, మొగుడు ఎండకు నల్లగా మాడిపోతాండాడని మాత్రం ఏడవలేదు. చూస్తే గదా ఏడ్చేకి!

సంగతి తెలిసి పద్మావతమ్మ బండి కట్టించుకోని వచ్చింది.

"మా పెరట్లో బావి ఎప్పుడూ ఎండింది లేదు తిప్పమ్మా. వానలొచ్చేదాకా బొమ్మల్ని నాకాడ పెట్టు. నా చేత్తో నేనే పోస్తాను. నీవి నీవే, యాడికీ పోవు."

అంజినప్ప మొగంలో ఒక వెలుగు వచ్చింది. "పంపిద్దామే. ఆడన్నా కడుపు నిండా తాగుతాయి" అన్నాడు. పెండ్లయినప్పట్నుంచి ఆయన నోరు తెరిచి అడిగినవి రెండే. ఇది రెండోది.

తిప్పమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "నా బొమ్మలు ఇంకొకరి ఇంట్లో నీళ్ళకు నోరు తెరవాల్నా? నాకు చేతుల్లేవా?"

చేతులున్నాయి సరే, మోసే భుజం ఎవరిదో? ఆ మాట అడిగేవాళ్ళు లేకపోయిరి. పద్మావతమ్మ తల వంచుకోని బండెక్కింది. అంజినప్ప "సరేలే" అన్నాడు. మరుసటి పొద్దున ఎప్పట్లాగే కావడి ఎత్తుకున్నాడు.

నడి వేసవిలో ఒకనాడు మధ్యాన్నమైనా రాలేదు. గొర్రెలోళ్ళు ఏటి గట్టు మీద చూసినారంట. కావడి జాగ్రత్తగా దించి, కుండలు రెండూ ఒరగకుండా కింద రాళ్ళు పెట్టి, పక్కన కూర్చోని ఉండాడు, తుమ్మకు ఆనుకోని. పిలిస్తే పలకలేదు. ఎండదెబ్బ. కుండలు రెండూ అంచుల దాకా నిండుగా ఉండాయి. పక్కన నీళ్ళు పెట్టుకోని ఒక్క గుక్క తాగలేదు మనిషి.

మనిషినీ కుండల్నీ మోసుకోనొచ్చినారు. ఒక కుండతో ఆయనకు కడసారి నీళ్ళు పోసినారు. రెండో కుండ వాకిట్లో ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నల్లమ్మకు అప్పటికే కండ్లు కనపడవు. గోడ పట్టుకోని కోడలి కాడికొచ్చింది.

"బొమ్మలకు పోయ్. దాని కోసమే కదా తెచ్చినాడు నా నాయన" అంది.

తిప్పమ్మ పోసింది. ముసలెద్దు ఎప్పట్లాగే నిదానంగా తాగింది. తిట్టే ఆడమనిషి ఇంకా కావాలన్నట్లు నోరు తెరుచుకోనే ఉండింది. వాటికేం తెలుసు! అవి తాగే నీళ్ళు ఏ నీళ్ళో అప్పుడు గానీ తిప్పమ్మకు తెలీలేదు.

బళ్ళారి పక్క ఊరికిచ్చిన ఒక్క కూతురు వచ్చి ఏడ్చి, "ఈడేముండాది, అవ్వను తీసుకోని నాతో రామ్మా" అని పిలిచింది. తిప్పమ్మ పోలేదు. దినాలైనంక మన్ను తడిపింది. నాగన్న గొర్రెలకు తెచ్చుకునే దాంట్లోంచి, భద్రమ్మ కూలి చేసే తోట కాన్నుంచి తలా చెంబు తెచ్చిపోస్తాంటే ఇంట్లో నోళ్ళు, బొమ్మల నోళ్ళు తడుస్తాండాయి. అవి ఎన్నాళ్ళో సాగవని అందరికీ తెలుసు.

అంజినప్పను చేయాలని కూర్చునింది. కాళ్ళు వచ్చినాయి. పగిలిన మడమలు వచ్చినాయి. కొంచెం వంగిన వీపు, వీపు మీద ఎముకలు, కావడి కిందికి దిగబడిన కుడి భుజం, దాని మీద కాయ, అన్నీ చేతికి వాటంతటవే వచ్చినాయి. మొగం కాడికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది.

ముక్కెట్లుండె? గడ్డం కింద మచ్చ ఉండెనా, లేదా? నవ్వితే ఏ పక్క పన్ను కనపడతాండె? కండ్లు మూసుకోని చూసింది, తెరుచుకోని చూసింది. పొద్దు పొడవకముందు కావడేసుకోని పోయే వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఊర్లో గాడిద కనురెప్పలు గూడా ఆమెకు తెలుసు. మొగుని మొగం తెలీదు.

"అత్తా, నీ కొడుకు ముక్కెట్లుండేది?" అని అడిగింది.

"కాపురం చేసినదానివి నువ్వు, గుడ్డిదాన్ని నన్నడుగుతావేమే?" అంది నల్లమ్మ. తిప్పమ్మ నోట్లో కొంగు కుక్కుకోని ఏడ్చింది.

సూడంది చేయను అన్న మనిషి కదా. అందుకే మొగం చేయలేదు. తల ముందుకు వంచి, తలగుడ్డ కిందికి లాగి, ఆ గుడ్డ మడతల్లోనే మొగం చోటు కప్పేసింది. మొగం లేదు కాబట్టి నోరు లేదు. నోరు లేదని బొక్క పెట్టకుండా ఉంటే పగిలిపోతాది, అందుకని రెండు అరికాళ్ళలో తుమ్మముల్లుతో పొడిచింది. కావడి బద్ద మట్టితో చేస్తే నిలవదు, సన్నటి వెదురు బద్ద పెట్టింది. సారె పక్కన అంజినప్ప ఆరబెట్టిపోయిన బుడ్డకుండలు రెండుండె. వాటిని బొమ్మతో పాటు కాల్చి, తాళ్ళతో రెండు కొసలకూ కట్టింది. నడుమెత్తు బొమ్మ. మిగిలిన వాటి పక్కన నిలబెట్టింది.

మరుసటి పొద్దున చిప్ప తీసుకోని వచ్చేసరికి ఆ బుడ్డకుండలు నిండుగా ఉండాయి. వంచితే చెలమ నీళ్ళు, సల్లగా. అన్ని బొమ్మలకూ తలా చిప్పెడు వచ్చినాయి, నల్లమ్మకూ తిప్పమ్మకూ చెరొక చెంబు వచ్చింది. ఆ పొద్దే కాదు, ప్రతి పొద్దూ అంతే.

"అంజినన్న మంచోడు వదినా. పోయినా పని మానలేదు" అంది భద్రమ్మ. నాగన్న తను తెచ్చే చెంబు ఇంకొక ఇంటికి పోస్తానని చెప్పిపోయినాడు. ఊరు అంతకుమించి ఏమీ అనుకోలేదు.

తిప్పమ్మకు గూడా మొదట్లో ప్రాణం లేచొచ్చింది. మనసులో ఏమీ పెట్టుకోలేదు నా మొగుడు, నన్ను మన్నించినాడు అనుకునింది. బొమ్మల పెదాల మీద బీటలు పూడినాయి. కొత్త బొమ్మకు మన్ను గూడా తడిపి పెట్టుకునింది. చూడండి మనిషి బుద్ధి!

ఒక పొద్దున నల్లమ్మ తడుముకుంటా కొట్టం కిందికి వచ్చింది. కొడుకు బొమ్మ తల నిమిరింది, వీపు నిమిరింది. కుడి భుజం మీద చేయి ఆగింది.

"ఇదేమే, ఇట్ల అరిగిపోయింది?"

తిప్పమ్మ వంగి చూసింది. కాయ కాడ పైన కాలిన ఎరుపంతా చెరిగిపోయి, లోపలి మన్ను గరుకుగా బయటపడింది. కాళ్ళ కాడ చూసింది. వేళ్ళ సందుల్లో హగరి ఇసుక. తాను సన్నగా గీసిన మడమల పగుళ్ళు వేలు పట్టేంత లోతుగా తెరుచుకోని ఉండాయి.

"అన్ని బొమ్మలకూ ఊపిరి నోట్లో పెడితివి" అంది నల్లమ్మ. "నా కొడుక్కు కాళ్ళల్లో పెడితివి. బతికినన్నాళ్ళూ మోసినాడు. సచ్చినంక గూడా మోయిస్తాండావే!"

తిప్పమ్మ పరుగున పోయి తుమ్మముల్లు తెచ్చింది. తలగుడ్డ మడతల్లో నోరు ఉండాల్సిన చోట గుచ్చింది. ముల్లు విరిగింది. మేకు తెచ్చి గీకింది, ఎర్రటి గీత పడింది గానీ లోపలికి దిగలేదు. గట్టిగా కొడితే తలే పోతాది. పచ్చిమన్ను ఎట్ల చెప్తే అట్ల వింటాది, కాలిన మన్ను ఎవరి మాటా వినదు. నోరుంటే ఒక చిప్పెడు నీళ్ళు పోసి, కూర్చోప్పా అనొచ్చు. నోరు లేనోనికి దప్పిక తెలీదు, అలుపూ తెలీదు. పోతానే ఉంటాడు.

ఆ పొద్దే భద్రమ్మను రాయదుర్గం బస్సెక్కించి పద్మావతమ్మకు కబురు పంపింది. బండ్లు వచ్చినాయి. వరిగడ్డి పరిచి ఒక చేయి పోయిన దంచే ఆడమనిషిని, గొర్రెల కాపరిని, అక్కచెల్లెళ్ళను, ఎద్దును, గాడిదను ఒక్కొక్కటే ఎక్కించింది. తిట్టే ఆడమనిషిని ఎక్కించేటప్పుడు భద్రమ్మ కండ్లొత్తుకునింది.

"వానలొస్తే తిరిగి పంపిస్తాను" అంది పద్మావతమ్మ.

"వద్దమ్మా. నీకాడే ఉండనీ. ఎద్దుకు తొందర పెట్టొద్దు, నిదానంగా తాగుతాది." అంతే చెప్పగలిగింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకునింది. "ఆయన అడిగిన పొద్దే నీ బండెక్కించుంటే నా ఇల్లు నిలిచుండేది తల్లీ."

పద్మావతమ్మ తిప్పమ్మ చేయి పట్టుకోని వదిలి, బండెక్కింది.

తాగే నోళ్ళు పోయినాయి, ఇంక ఈయప్ప కూర్చుంటాడులే అనుకోని తిప్పమ్మ పడుకునింది. పొద్దున లేచి చూస్తే బుడ్డకుండలు నిండుగా ఉండాయి.

అప్పుడొచ్చింది ఆమెకు కోపం. "ఎవరికోసం తెచ్చినావప్పా? ఎవరున్నారని ఈడ? నాకోసమా? నీ మొగమన్నా చూడని దానికోసమా?" అని వాకిలంతా దద్దరిల్లేటట్లు అరిచింది. ఎదురింట్లో భద్రమ్మ బయటికొచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. బొమ్మ వీపు వంచుకోని నిలబడే ఉండింది. 'సరేలే' అన్నట్లుండింది.

తిప్పమ్మ కండ్లు తుడుచుకోని, బొమ్మ భుజం మీది వెదురు బద్దను తాళ్ళతో, కుండలతో సహా తీసేసింది. కొట్టం చూరులో దోపిన పెద్ద కావడి దించింది. ఆడోళ్ళు కడవ ఎత్తుతారు గానీ కావడి మోయరు. ఊరంతా చూస్తాండగానే భుజానేసుకోని హగరి దోవ పట్టింది. చెలమలు ఎంత దూరమో ఆ పొద్దు కాళ్ళకు తెలిసింది. రెండు కుండలూ నిండినంక కావడి ఎత్తితే బద్ద భుజంలోకి దిగబడింది. తుమ్మచెట్టు కాడ దించాలనిపించింది. దించలేదు.

ఇంటికొచ్చేసరికి ఎండ నెత్తి మీదుండాది. నల్లమ్మకు ముంచిచ్చింది. చిప్పెడు నీళ్ళు తీసుకోని బొమ్మ ముందర నిలబడింది. పోసేకి నోరు లేదు. ఏం చేయాలో తోచక, అరిగిపోయిన ఆ కుడి భుజం మీద మెల్లగా వంచింది.

అప్పుడే కాల్చిన కొత్తకుండ మీద నీళ్ళు పడినట్లు సుయ్‌మనింది. ఒక్క చుక్క కిందికి కారలేదు. పోసినదంతా ఆ కాయ కాడినుంచి లోపలికి పోయింది. ఇంకో చిప్ప పోసింది, అదీ పోయింది. కుండెడు నీళ్ళు తాగినాడు అంజినప్ప, ఏండ్ల దప్పికంతా తీర్చుకునేటట్లు. తిప్పమ్మ పోస్తానే ఉండింది, ఏడుస్తానే ఉండింది.

మరుసటి పొద్దున బొమ్మ కాళ్ళ కాడ ఇసుక లేదు. ఆ తర్వాత తిప్పమ్మ ఏ బొమ్మా చేయలేదు. కరువు తీరేదాకా కావడి మోసింది, తీరినంక గూడా మోసింది. ఆమె కుడి భుజం మీద కాయ కాసింది. రోజూ ముందు ఆ బొమ్మ భుజానికి నీళ్ళు పోసి, దాని ఎదురుగా కూర్చోని, లేని మొగం వైపు చాలాసేపు చూసి, తర్వాత పొయ్యి ముట్టించేది.